ఎవరి పేరున

శనివారం లోపల తెలుగు చర్చిలో కాళ్ళు కదిలిన బెంచీలన్నీ బిగించాలి. బుధవారీ సంతకు బెల్తరా పల్లె ఆడవాళ్ళు తెచ్చే గుమ్మడికాయల్లో మచ్చలేనిది ఒకటి ఏరి తేవాలి. నల్ల నువ్వులు, కంద, అరటికాయలు, చింతపండు తేవాలి. పంచె ఉతికి ఇంట్లోనే తాడు కట్టి ఆరేయాలి, బయట ముసురు వదలడం లేదు. ఆదివారం పెద్దల అమావాస్యకు అర్పా ఏటి ఒడ్డున పంతులుకు స్వయంపాకం ఇవ్వాలి. పక్క క్వార్టరు అసిరమ్మ ఏమడిగినా నవ్వుతూ జవాబు చెప్పాలి. షాపులో ఎవరైనా "నూకరాజూ!" అని పిలిస్తే రెండో కేక పడకుండా పలకాలి.

ఈ చివరి పని అన్నిటికంటే పాతది. రైల్వే కాగితాల్లో, రైలుపెట్టెలు బాగుచేసే కేరేజీ షాపు వడ్రంగుల్లో, క్వార్టర్ల వరసలో అతను నూకరాజు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాత్రం అప్పలస్వామి. నూకరాజు అతని అన్న. ఉద్యోగం ఆర్డరు అన్న పేరునే వచ్చింది. వచ్చిన వారంలోనే జ్వరాల ఏడు అన్నను ఎత్తుకుపోయింది. ఆ కాగితం పట్టుకుని తమ్ముడు ఈ హిందీ ఊరికి రైలెక్కాడు.

బుధవారం డ్యూటీ దిగి, సంచిలో ఉలి, బాడిస, సుత్తి వేసుకుని చర్చికి వెళ్ళాడు. పని ఒప్పజెప్పింది షాపు ఆఫీసులో హెడ్ క్లర్కు దానియేలు గారు. ఆయన ఆ చర్చికి పెద్ద. "శనివారం మిషను దొర వస్తున్నారు నూకరాజూ, కూర్చుంటే కిర్రుమనకూడదు" అని చెప్పారు.

అప్పలస్వామి ఒక బెంచీని బోర్లా వేసి, పుచ్చిన కాలు ఊడదీసి, కోటా అడవిలోని సాల చెక్కతో కొత్త కాలు చెక్కుతున్నాడు. పక్క గదిలో పాస్టరు సత్యానందం గారు నలుగురైదుగురు చదువుకున్నవాళ్ళను కూర్చోబెట్టుకుని పాఠం చెబుతున్నారు. తలుపు ఓరగా వేసి ఉంది. ఆయనది మెత్తని గొంతు. బాడిస ఆగినప్పుడల్లా ఒక మాట ఇవతలికి వచ్చేది.

"చనిపోయినవాడి పేరు పెట్టుకుని ఇంకొకడు వచ్చాడు. ఆ పేరుతోనే చెలామణీ అయ్యాడు. ఇన్నాళ్ళూ మనం అడగలేదు. అడగనంత మాత్రాన నిజమైపోతుందా?"

ఉలి జారి బొటనవేలి పక్కన చర్మం లేపేసింది. అప్పలస్వామికి నొప్పి తెలియలేదు. తలుపు వైపు చూడకుండా, రంపపు పొట్టు మీద పడుతున్న నెత్తుటి చుక్కల్ని చూస్తూ ఉండిపోయాడు. పోయిన ఏడు పెయింటు షాపులో ఒకణ్ణి ఇలాగే పట్టుకున్నారు. మేనమామ పేరున పని చేస్తున్నాడట. మధ్యాహ్నం బండి వచ్చి పోయేలోపు అతని సామానంతా క్వార్టరు బయట వానలో ఉంది. పెళ్ళాం కుంపటి మీద గోనె కప్పి ఏడ్చింది. అతను మాత్రం జైలు నుంచి ఇంకా రాలేదు.

లోపల పాఠం సాగుతూనే ఉంది. "పేతురు చేపలు పట్టుకునే మనిషి. బైబిల్లో ఆయన పేరున ఉన్న ఈ రెండో ఉత్తరం బాగా చదువుకున్నవాడి గ్రీకు. మొదటి తరం పెద్దలు కన్నుమూశారని ఇందులోనే ఉంది. ఆ రోజుల్లోనే కొన్ని సంఘాలు ఇది ఆయనది కాదని పక్కన పెట్టాయి."

ఉత్తరం! అప్పలస్వామి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. తన గురించి కాదు. ఎప్పటిదో, ఎక్కడిదో ఉత్తరం.

"అయితే దొంగ రాతేనంటారా, అయ్యగారూ?" అని ఎవరో అడిగారు.

"నేనలా అనలేదు. గురువు మీద భక్తితో శిష్యుడు రాసి ఉండొచ్చు. మాట మంచిదే. కానీ పేరు? పూర్వం ఆసియా సీమలో ఒక సంఘపెద్ద ఉండేవాడు. పౌలు గురించి ఒక కథ కల్పించి, పౌలుదేనని చెలామణీ చేశాడు. పట్టుకుని అడిగితే, 'పౌలు మీద ప్రేమ కొద్దీ రాశాను' అని ఒప్పుకున్నాడు."

"ఒప్పుకుంటే?"

"పదవి తీసేశారు."

అప్పలస్వామి వేలికి గుడ్డపీలిక చుట్టాడు. కొత్త కాలు బెజ్జంలో పెట్టి కొట్టాడు గాని, సుత్తి దెబ్బలు ఒకటి సూటిగా, ఒకటి వంకరగా పడ్డాయి. ఎన్నోసార్లు అనుకున్నాడు, ఎవరైనా పెద్దమనిషి కాళ్ళ మీద పడి నిజం చెప్పేద్దామని. అన్న మీద ప్రేమేనండీ, ఇల్లు నిలబడాలనేనండీ అందామని. ప్రేమ కొద్దీ అన్నా తీసేస్తారన్నమాట.

*

అతని పెళ్ళాం చిన్నతల్లి గుమ్మంలో చాటతో బియ్యం ఏరుతోంది. కొళాయి దగ్గర బిందె పెట్టి అసిరమ్మ కబుర్లలో పడింది. అసిరమ్మ మొగుడు ఆదినారాయణ కూడా కేరేజీ షాపులోనే ఫిట్టరు.

"ఏటే చిన్నతల్లీ, ఈ ఏడు కూడా మరిదికేనా పెద్ద గుమ్మడికాయ? అత్తకీ మావకీ బూడిద గుమ్మడైనా సాలు గాని, ఆ అప్పలస్వామికి మాత్రం పండిందే కావాల! అంత తిండిపోతేటి?"

"తిండిపోతే వదినా. ఇప్పుడూ అంతే" అంది చిన్నతల్లి. అని నాలుక కరుచుకుంది.

"ఇప్పుడేటి, సచ్చినోడు తింతాడేటి!" అసిరమ్మ పగలబడి నవ్వి, బిందె చంకనెత్తుకుని పోయింది.

అప్పలస్వామి లోపలికి వచ్చి తలుపు వేశాడు. పంచె తాడు మీద తడితడిగా వేలాడుతోంది. పిల్లలిద్దరూ దాని కింద దూరి ఆడుకుంటున్నారు. వేలు చూసి చిన్నతల్లి పసుపు తెచ్చింది.

"ఏటైంది మావా?"

చర్చిలో విన్నదంతా చెప్పాడు. ఆమె పసుపు అద్దుతూ విని, చివరికి, "అంటే మనల్ని అనలేదు గదా" అంది.

"అననేదు. అయినా నాకు కాళ్ళల్లో వొణుకు పోలేదే."

"నీకు వొణుకు. నాకు కల." ఆమె గొంతు తగ్గించింది. "రాత్రి మల్లీ మీయన్న వచ్చినాడు. వాకిట్లో ఎండలో నిలబడతాడు. లోనకి రాడు. ఏటీ అడగడు. బతికున్నోడివి నీ పేరున నువ్వే బియ్యం ఇచ్చుకుంటన్నావు. ఆయనకి ఒక్క ముద్ద నేదు. ఎన్నాళ్ళు మావా?"

"ఏటొడ్డున అంతమంది ముందల ఎలాగ సెప్పమంటావు? పంతులు పేరడిగితే పక్కనోళ్ళకి ఇనబడదేటి? ఆదినారాయణ మన పక్కనే కూకుంటాడు. నూకరాజుకి పిండవేటి, నువ్వేగా నూకరాజువి అంటే?"

"సెప్పమని నానన్నానా?" అని చిన్నతల్లి చాట అందుకుంది. బియ్యంలో రాళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అయినా చాటతో చెరుగుతూనే ఉంది.

*

గురువారం పగటిపూట ఆఫీసు నుంచి కబురొచ్చింది. హెడ్ క్లర్కు గారు పిలుస్తున్నారని.

దానియేలు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్ర లేనట్టు. "అచ్ఛా, నూకరాజూ. నిన్న నువ్వు చర్చిలో ఉన్నావుగా. పాస్టరు గారి పాఠం విన్నావా?"

"పనిలో ఉన్నానండి."

"పనిలో ఉంటే చెవులకు బిరడాలు పెట్టుకుంటావా? విన్నావు. దేవుడి మాటను దొంగ రాత అన్నాడని రాత్రే నా చెవిన పడింది. ఆ కూర్చున్నవాళ్ళంతా ఆయన శిష్యులు, వాళ్ళు చెప్పరు. నువ్వు హిందువువి, నీకు ఏ పక్షమూ లేదు. శనివారం దొర ముందు చెప్పు."

"దొంగ రాత అననేదనుకుంటానండి..."

"ఆలోచించుకో, గుర్తొస్తుంది." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మా నాన్న గ్యాంగుమేన్. అక్షరం రాదు. పోయేటప్పుడు నాచేత ఆ ఉత్తరమే చదివించుకున్నాడు. పేతురు నాతో మాట్లాడుతున్నాడ్రా అంటూ పోయాడు. ఇప్పుడీ బీఏ చదివినాయన వచ్చి, పేతురు కాదు, ఎవడో అంటే? మా నాన్నతో మాట్లాడింది ఎవడోనా?"

అప్పలస్వామి తలొంచుకున్నాడు.

"ఏమీ లేదు. దొర ముందు నిలబడి నీ పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి, ప్రమాణం చేసి, విన్నది చెప్పడమే." ఆయన లేచి గోడవార ఇనప బీరువా మీద చెయ్యి వేశారు. "నీ సర్వీసు షీటు ఇందులోనే ఉంది. నేను మరిచిపోలేదు, నువ్వూ మరిచిపోకు."

అప్పలస్వామి షాపులోకి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. రంపం పట్టుకున్నాడు. గీత ఒక పక్క ఉంటే రంపం ఒక పక్క పోయింది. ఎదురుగా రైలుపెట్టె చక్రాల కింద పడుకుని పని చేస్తున్న ఆదినారాయణ తల బయటపెట్టి, "ఏటిరా నూకరాజూ, పెళ్ళాం తన్నిందేటి, చెక్కనలా కోత్తన్నావు?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పలస్వామి కూడా నవ్వాడు. దానియేలు గారికి తెలుసు. షీటు చూశాడు. అబద్ధం చెప్పకపోతే ఆ షీటు బయటికి తీస్తాడు. ఆ నవ్వు వెనక ఇదే మాట తిరిగింది.

*

శుక్రవారం సాయంత్రం చివరి బెంచీకి గరుకు కాగితం పడుతుంటే సత్యానందం గారు వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నారు. చొక్కా గుండీ ఒకటి తప్పు బెజ్జంలో పెట్టుకున్నారు. మిషను ఇంటి వరండాలోంచి ఆయన చంటిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"దానియేలు గారు నిన్ను సాక్ష్యానికి పిలిచారట గదా. ఆయన చెప్పమన్నది చెప్పకు. నేను చెప్పమన్నదీ చెప్పకు. విన్నది చెప్పు. అది దొంగ రాత అన్నానా?"

"అననేదు బాబూ. నేనలా అనలేదు అన్నారు."

సత్యానందం గారి మొహంలోకి కాస్త నెత్తురు వచ్చింది. "అది చాలు. ఆ ఒక్క మాట నువ్వు చెబితే నాకు మందలింపుతో పోతుంది. లేకపోతే ఈ ఇల్లు, ఈ పని... మా ఆవిడ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఎక్కడికని వెళ్ళను?"

అప్పలస్వామి గరుకు కాగితం మడిచాడు, విప్పాడు. "బాబూ, ఆ పెద్దమనిషి తరవాత ఏటైనాడు?"

"ఏ పెద్దమనిషి?"

"పౌలు మీద పేమ కొద్దీ రాసినోడు. పదవి తీసేసినారన్నారు గదా. తరవాత?"

"తెలీదు. ఎవరూ రాయలేదు."

"పెళ్ళాం పిల్లలుండీవోరా?"

"అదీ తెలీదయ్యా. ఎందుకు?"

చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ రెండు రోజుల నుంచి గొంతులో అడ్డం పడ్డది దానంతటదే బయటికి వచ్చేసింది. "నా పేరు నూకరాజు కాదు బాబూ. నూకరాజు మాయన్న. సచ్చిపోనాడు. నాను అప్పలస్వామిని. రేపు దొర ముందల పేరు సెప్పి పెమాణం సెయ్యాలన్నారు. దానియేలుగారికి తెలిసిపోనాది. ఆయన సెప్పమన్నట్టు సెప్పకపోతే నన్ను పట్టిచ్చేత్తాడు."

సత్యానందం గారి నోట వచ్చిన మొదటి మాట, "ఇది నాకెందుకు చెప్పావయ్యా?"

అందులో కోపం లేదు. భయమే ఉంది. అప్పలస్వామికి ఆ భయం బాగా తెలిసినది.

"ఇప్పుడు నిన్ను నా సాక్షిగా ఎలా నిలబెట్టను? తప్పుడు పేరు మీద ప్రమాణం చేయించి, నేను అబద్ధమాడలేదని రుజువు చేసుకోనా? నిలబెట్టకపోతే..." ఆయన మాట పూర్తి చేయలేదు. లేచి, గుండీ విప్పి మళ్ళీ అదే తప్పు బెజ్జంలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

*

శనివారం బెంచీలు కిర్రుమనలేదు. చర్చి నిండింది. రాయపూర్ వైపు నుంచి వచ్చిన తెల్ల దొర ముసలివాడు, బక్కపలచని మనిషి. చెమట తుడుచుకుంటూ హిందీలోనే మాట్లాడాడు. మంచినీళ్ళిచ్చిన ఆడమనిషికి చేతులు జోడించాడు.

దానియేలు గారు లేచి ఫిర్యాదు చెప్పారు. తండ్రి మాట వచ్చినప్పుడు చేతిలో బైబిలు గుండెకు హత్తుకున్నారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. "ఏ పక్షమూ లేని సాక్షి ఉన్నాడు" అని వెనక్కి తిరిగి, "నూకరాజూ!" అని పిలిచారు.

గోడవార నిలబడ్డ అప్పలస్వామి ముందుకు నడిచాడు. తను బిగించిన బెంచీల మధ్యనుంచి నడుస్తుంటే ఒక్కొక్క బెంచీ పట్టుకుని నిలబడాలనిపించింది.

"తుమ్హారా నామ్?" అని అడిగాడు దొర.

నోరు తెరిచాడు. ఏ పేరూ రాలేదు. అన్నదీ రాలేదు, తనదీ రాలేదు. దొర మళ్ళీ, మెల్లగా, భయపడొద్దన్నట్టు అడిగాడు. "నామ్ బోలో, భాయీ."

"సాక్షి అక్కర్లేదు." సత్యానందం గారు లేచారు. గుండీలన్నీ ఈసారి సరిగ్గానే ఉన్నాయి. "అతణ్ణి పంపించేయండి. నేను చెప్పింది నేనే ఒప్పుకుంటున్నాను. ఆ ఉత్తరం పేతురు చేతి రాత కాదని నా నమ్మకం. అందులో మాట మంచిదని కూడా నా నమ్మకం. అది దొంగ రాత అని మాత్రం నేను అనలేదు."

"అనలేదనడానికి సాక్ష్యం?" అన్నారు దానియేలు గారు.

"లేదు."

దొర చాలాసేపు బతిమాలాడు. నమ్మకం లోపలే ఉంచుకో, బయటికి తప్పయిందని చెప్పు, ఇక్కడితో పోతుంది అన్నాడు. సత్యానందం గారు తల అడ్డంగా ఊపారు. వాన మొదలైంది. రేకుల మీద చప్పుడులో తీర్పు వెనక బెంచీల వాళ్ళకు వినిపించలేదు. ముందు కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చెబితే తెలిసింది. తీసేశారు. ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి.

మెట్ల మీద దానియేలు గారు అప్పలస్వామిని ఆపారు. గెలిచిన మనిషి మొహంలా లేదు ఆయన మొహం. "నోరు పడిపోయిందేమిటయ్యా నీకు? నీ షీటు తీసి ఇంక్రిమెంటుకు రాసి పెట్టాను. సాక్ష్యం అవగానే దస్కతుకు పంపుదామనుకున్నాను. మరిచిపోకు అన్నది అందుకేగా? పోన్లే, పంపిస్తాను."

"ఇంకిరిమెంటా అండి?"

"మరి ఇంకేమనుకున్నావు?"

ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. అప్పలస్వామి వానలో నిలబడిపోయాడు. ఆయనకు ఏమీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియదు. నిన్న సాయంత్రం తను నోరు మూసుకుని, ఇవాళ ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, చంటిపిల్ల ఉన్న ఆ ఇల్లు నిలిచేది. తన భయమే పోయి ఆ ఇంటి వాసాలు లాగేసింది.

*

అమావాస్యనాడు ముసురు విడిచింది. అర్పా మట్టి రంగులో నిండుగా పారుతోంది. ఒడ్డున తెలుగు రైల్వే కుటుంబాలన్నీ వరసగా కూర్చున్నాయి. విస్తళ్ళలో బియ్యం, కూరలు, నువ్వులు ఉన్నాయి. పంతులు ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి వచ్చి, గోత్రం అడిగి, పేర్లడిగి, నీళ్ళు వదిలిస్తున్నాడు. అప్పలస్వామి పక్కన చిన్నతల్లి, అవతల ఆదినారాయణ, అసిరమ్మ కూర్చున్నారు.

తండ్రి పేరు చెప్పాడు. తల్లి పేరు చెప్పాడు. నీళ్ళు వదిలాడు.

"తరవాత? ఎవరి పేరున?" అన్నాడు పంతులు. ఏటా అడిగేదే కాబట్టి జవాబు కూడా తనే అందించబోయాడు. "తమ్ముడు అప్పల..."

"తమ్ముడు కాదండి." అప్పలస్వామి అక్కడే ఆగిపోయాడు. చర్చిలో లాగే. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. పంతులు ఎదురు చూస్తున్నాడు. ఆదినారాయణ తల తిప్పి చూశాడు.

"నూకరాజు" అంది చిన్నతల్లి.

అంత గట్టిగా అంది, నాలుగు విస్తళ్ళ అవతలి వాళ్ళు కూడా తిరిగి చూశారు.

అసిరమ్మ చెంపలేసుకుంది. "ఓలమ్మ ఓలమ్మ! మొగుడి పేరు నోటితో పలుకుతావేటే! అదీ పిండాల కాడ! ఆయుస్సు తరిగిపోదేటే!"

"ఆయుస్సు అయిపోయినోడి పేరే సెప్పినాను వదినా" అంది చిన్నతల్లి. ఆమె ఏడవలేదు. "ఈయన ఆడి తమ్ముడు. పోసియ్యి మావా నీళ్ళు. ఎండలో నిలబడున్నాడు."

అప్పలస్వామికి పెయింటు షాపు వాడి సామాను కళ్ళ ముందు కనబడింది, వానలో తడుస్తూ. అయినా దోసిలి ఏట్లో ముంచి, నువ్వులు కలిపి, అన్న పేరు తన నోటితో చెప్పి నీళ్ళు వదిలాడు. నీళ్ళు సూటిగానే పడ్డాయి.

ఆదినారాయణ గడ్డం గోక్కున్నాడు. పెళ్ళాం ఏదో అనబోతే మోచేత్తో పొడిచాడు. చివరికి, "జొరాల ఏడా?" అని అడిగాడు.

"ఊఁ."

"మాయక్క కూడా ఆ ఏడే" అన్నాడు ఆదినారాయణ. ముందుకు వంగి తన దోసిలితోనూ నీళ్ళు తీసి అదే విస్తరి పక్కన వదిలాడు.

సోమవారం షాపులో ఆదినారాయణ చక్రాల కింద నుంచి తల బయటపెట్టి, "ఏటిరా నూకరాజూ!" అని కేకేశాడు. ఎప్పటికంటే గట్టిగా, అందరూ వినేటట్టు. అప్పలస్వామి పలికాడు. ఏటొడ్డున విన్నవాళ్ళలో ఒక్కరూ ఆ మాట ఆఫీసు గుమ్మం దాటించలేదు. భయం పోయిందని కాదు. ఆఫీసు నుంచి కబురొస్తే ఇప్పటికీ అతని రంపం ఆగుతుంది.

నెలాఖరున సత్యానందం గారి పుస్తకాలకు చెక్కపెట్టె చేసి, స్టేషను దాకా తనే మోశాడు. వెళ్ళేది ఏ ఊరని అడిగితే, "ఎవరైనా బడిపంతులు పని ఇచ్చిన ఊరు" అన్నారాయన. బండి కదిలే ముందు అప్పలస్వామి కిటికీ చువ్వ పట్టుకుని క్షమించమని అడగబోతే, ఆయన అతని చేతి మీద చెయ్యి వేసి, చుట్టూ చూసి, ఇంకెవరికీ వినపడకుండా, "వెళ్ళొస్తాను అప్పలస్వామీ" అన్నారు. కన్నవాళ్ళు పోయాక ఆ పేరు పెట్టి అతణ్ణి పిలిచింది ఆయనొక్కరే.

నూకరాజుకు ఇప్పుడు ఏటా ముద్ద అందుతోంది, తలుచుకునేవాళ్ళున్నారు. ఆ చర్చి గోడ మీద పాస్టర్ల పేర్లు చెక్కిన రాతిపలక ఉంది. అందులో సత్యానందం గారి పేరు లేదు. ఆయనకు ముందున్నవారి పేరు కింద వెంటనే ఆయన తర్వాత వచ్చినవారి పేరు ఉంది. ఈ కథ చదివినవారిని అడిగేది ఒక్కటే. ఆ రెండు పేర్ల మధ్య ఆయనొకరు ఉండేవారని గుర్తుంచుకోండి.